తీసిన చెయ్యే కప్పాలి

జుర్జురా కొండల్లో భూకంపాలు కూడా మా తాత అమెజియాన్‌ని అడిగే వచ్చేవి. అప్పట్లో మమ్మల్నేలిన ఫ్రెంచివాళ్ల కోర్టు నమ్మకం అలాంటిది మరి. ఇళ్లు పాడుచేసేవాడని ముద్ర వేసి రెండేళ్లు జైల్లో పెట్టింది. నిజానికి ఆయన కోడిగూడు కూల్చి కూడా ఎరగడు. ఇళ్ల మీద పెంకులు కప్పడం ఆయన పని.

తాతకి బెలాయిద్ అని పెళ్లికాని తమ్ముడుండేవాడు. అంజూరపు కొమ్మ కోసం పక్కింటివాడితో తగువొస్తే, ఊరి సభకు చెప్పకుండా నేరుగా ఫ్రెంచి జడ్జి దగ్గరికి పోయాడు. మా ఊళ్లో అంతకు మించిన తప్పు లేదు. అతని ఇంటి పెంకులు దించాలని, తప్పు ఒప్పుకున్నాక మళ్లీ కప్పాలని సభ తీర్పు చెప్పింది. కుటుంబాల మధ్య పగ రాజుకోకుండా ఆ పని సొంతవాళ్లే చెయ్యాలి. తీసిన చెయ్యే తిరిగి కప్పాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు.

తాత నిచ్చెన వేశాడు. తమ్ముడు కిందనుంచి అందుకున్నాడు.

"మెల్లిగా దించన్నా. ఒక్కటి పగిలినా నీ నెత్తిన కొడతాను."

"నా నెత్తి నీ పెంకుకంటే గట్టిదిలే. సభకొచ్చి ఒక్క మాట అనరా, చీకటి పడేలోగా కప్పేస్తా."

"శుక్రవారం అంటాను. ఇవాళ కోపంగా ఉన్నాను."

శుక్రవారం కంటే ముందే పోలీసులొచ్చారు. అంజూరపు చెట్టు చూడ్డానికి వచ్చినవాళ్లు కప్పులేని ఇంటిని చూసి తాతని పట్టుకుపోయారు.

పరాయివాళ్ల కట్టడాన్ని కావాలని పాడుచేయడం ఫ్రెంచి చట్టంలో పెద్ద నేరం. పెంకులు ఒక్కటీ పగలకుండా గోడవారగా పేర్చి ఉన్నాయి కాబట్టి నిదానంగా, కావాలనే చేశాడని సర్కారు వకీలు వాదించాడు. తాత వకీలేమో చెవిలో ఊదాడు: తండ్రి ఆస్తి కాగితాల మీద పంచలేదు, ఇల్లు నాది కూడా అంటే చాలు, వదిలేస్తారు.

జడ్జి అడిగాడు, ఇల్లెవరిదని. తాత తమ్ముడి వంక చూశాడు.

"వాడిది. మా నాన్న వాడికిచ్చాడు."

బెలాయిద్ లేచి, "దొరా, మా అన్నని మీరుంచేసుకుంటే నా ఇల్లెవరు కప్పుతారు?" అన్నాడు. కోర్టంతా నవ్వింది.

ఆ ఏడు మంచు ముందే పడింది. ఊరివాళ్లు ఆ ఇంటి మీద కొమ్మలు పరిచారు, గొర్రెతోళ్లు కప్పారు. పెంకులు మాత్రం ఎవరూ ముట్టలేదు. మా ఇంటికి వచ్చి ఉండమని నానమ్మ పిలిచింది.

"అన్న వచ్చేసరికి నేనిక్కడ ఉండాలి వదినా. లేకపోతే వంకరగా కప్పి పోతాడు" అన్నాడట దగ్గుతూనే.

బెలాయిద్ ఆ చలికాలం దాటలేదు.

జైలునుంచి వచ్చిన రోజు తాత మా గడప తొక్కకుండా నిచ్చెన అడిగాడు. ఖాళీ ఇంటికి పెంకులన్నీ కప్పాడు. ఇప్పటికీ వానలకు ముందు ఆ కప్పెక్కి సర్దుతాడు. మోకాళ్లు సగంలోనే మొరాయిస్తాయి. నిచ్చెన పట్టుకునేది నేనే గనక, "తాతా, లోపల బల్లులు తడిసిపోతున్నాయా?" అని ఏడిపిస్తుంటాను.

ఇదంతా రాసి చదివి వినిపించాను. భూకంపాల దగ్గర ఆయన నవ్వలేదు.

"ఇల్లు నాది కూడా అనుంటే ఏం పోయేది తాతా?"

"వాడి ఇల్లు పోయేది. ఆ భూకంపాల గొప్పలు తీసేయవే. పెంకులు దించింది నేను. వాడు చలికి పోయాడు. అది రాయవే."