కుక్క కోటులో మడత

మా ఆయన దర్జీ. సందులో అందరూ ఆయన్ని మడతల మావయ్య అంటారు. ఏ పిల్లకి ఏం కుట్టినా అంచు దగ్గర లోపలికి బోలెడు బట్ట మడిచి కుడతాడు. పిల్ల పొడుగు సాగినప్పుడల్లా తల్లులు వచ్చి కాస్త కాస్త విప్పించుకుంటారు. కొత్త బట్ట కొనే రోజులా ఇవి? నూనె, గ్యాసు, ఇంటద్దె పోటీలు పడి పైకెక్కుతుంటే, మా సందులో కిందికి దిగేవి ఈ అంచులొక్కటే.

మా అమ్మాయి బడి స్కర్టులో మాత్రం విప్పడానికి ఇంక మడత మిగల్లేదు. "సోమవారం కూడా మోకాళ్లు కనిపిస్తే లోపలికి రానివ్వను" అని టీచరమ్మ చెప్పి పంపించింది. మా ఆయన "చూద్దాంలే" అన్నాడు. ఆ మాట అన్నాడంటే చేతిలో చిల్లిగవ్వ లేదని అర్థం.

సరిగ్గా అప్పుడే పెద్ద మేడ అమ్మగారి డ్రైవరు వచ్చి బుట్టలో ఒక బొచ్చుకుక్కను, సంచిలో ముదురు నీలం బట్టను దించాడు. కుక్కగారికి కోటు కుట్టాలట. బట్ట చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చం బడి స్కర్టు రంగే!

"ఏవండీ, కుక్క ఎంత, బట్ట ఎంత? ఒక్క పీలిక మనం ఉంచుకుంటే ఎవరడుగుతారు?" అన్నాను.

"నోర్ముయ్. పరాయివాళ్ల దారప్పోగు కూడా నాకొద్దు. కుట్టుకూలి వస్తుందిగా, దాంతో కొందాం."

ఇంత నిజాయితీపరుణ్ణి కట్టుకుని నేనేం సుఖపడ్డానో ఆ కుట్టుమిషనుకే తెలియాలి. కొలతలు తీస్తుంటే కుక్క టేపు నమిలింది. "ఆగరా నా బంగారం" అని దాన్ని బతిమాలాడు. నన్ను ఒక్కనాడైనా అలా బతిమాలిన పాపాన పోలేదు.

ఆదివారం కోటు పట్టుకుని మేడకి వెళ్లాం. కూలి చేతికి రాగానే అటునుంచి అటే బట్టల కొట్టుకి వెళ్దామని నేనూ వెంటపడ్డాను. కోటు తొడిగితే కుక్క నాలుగు అడుగులు వేసి, ఆ బరువుకి చతికిలబడింది. ఇంక లేవనంది. అమ్మగారు కోటు తిరగేసి చూశారు. చుట్టూ జానెడు మడత!

"ఇదేంటయ్యా?"

"పెరిగే పిల్ల కదమ్మా, లోపల కాస్త బట్ట వదిలాను."

"దానికి ఎనిమిదేళ్లు! ఇంకేం పెరుగుతుంది?"

మిగిలిన బట్టంతా అలవాటు కొద్దీ ఆ మడతలోనే పెట్టి కుట్టేశాడు మహానుభావుడు. అమ్మగారు కోటు ఆయన మీదికి విసిరేశారు. "నాకొద్దిది, నువ్వే తీసుకుపో. కూలీగీలీ అడక్కు. రెడీమేడ్‌ది తెప్పించుకుంటాను."

దారి పొడుగునా ఆయన్ని దులిపేశాను. "కన్నకూతురికి లేని మడత ముసలి కుక్కకి కావాల్సొచ్చిందా?" ఆయన ఇంటికొచ్చి కోటు కుట్లన్నీ విప్పాడు. ముక్కలు అతికి స్కర్టు అంచుకి చుట్టూ కుట్టాడు. "కుక్క కంపు కొడుతోంది" అని పిల్ల ముక్కు మూసుకుంటే, సబ్బు ధరని తిట్టుకుంటూ ఉతికి ఆరేశాను.

సోమవారం పొద్దున అది వేసుకుని పిల్ల గడప దాటబోయింది. నడక చూస్తే వింతగా ఉంది.

"అదేంటే, మోకాళ్లు వంచి నడుస్తున్నావు?"

"అలవాటైపోయిందమ్మా. స్కర్టు పొడుగ్గా కనిపిస్తుందని బళ్లో ఇలాగే నడుస్తున్నాగా."

"ఇంక ఆ అవసరం లేదు. నిటారుగా నిలబడు తల్లీ," అన్నాడు వాళ్ల నాన్న.

నిలబడింది. నాకంటే పొడుగుంది! నా కడుపున పుట్టిన పిల్ల నన్ను దాటి ఎదిగిందని నాకు అప్పటిదాకా తెలియనే లేదు. ఏడుపొచ్చేసింది.

కొత్త అంచు మోకాళ్లను కప్పి సరిగ్గా అక్కడికే ఆగింది. ఆయన నేలమీద కూర్చుని దాన్ని సర్దుతూ, ఏదో తప్పు చేసినవాడిలా తల ఎత్తకుండానే అన్నాడు.

"లోపల మడత వెయ్యడానికి బట్ట చాల్లేదమ్మా."

"ఫర్వాలేదు నాన్నా," అంది పిల్ల. "ఇంక పెరగనులే."