చట్రం దింపిన చేతులు

తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మా వీధి ఆడవాళ్ళ ఒళ్ళో ఎప్పుడూ ఒక చట్రం ఉంటుంది. గాడులు కోసిన చెక్క బద్దల మీద అగ్గిపుల్లలు ఒక్కొక్కటే పేర్చి, బద్ద మీద బద్ద ఎక్కించి, బిగించి కంపెనీకి అప్పజెప్పాలి. పుల్లల కొసలకు మందు అద్దేది అక్కడ. యంత్రాలొచ్చి చాలా వీధుల్లో ఈ పని పోయింది గానీ మా వీధిలో ఇంకా మిగిలింది. నేను బడి నుంచి రాగానే అమ్మ పక్కన కూర్చుని, కబుర్లు చెబుతూ, పుల్లల వంక చూడకుండానే పేర్చేదాన్ని.

కాలేజీలో సీటు వచ్చిన పిల్లకు మా వాళ్ళు చట్రం దింపుతారు. పెద్ద తతంగమేమీ కాదు. అమ్మ నా ఒళ్ళోంచి చట్రం తీసి పక్కన పెట్టి, పసుపునీళ్ళతో నా రెండు చేతులూ కడిగింది.

"ఇంగ ఈ చెయ్యి దీన్ని ముట్టగూడదు పాపా. ముట్టితే మళ్ళా ఈడనే కూసోబెట్టేస్తది" అంది.

నాకు నవ్వొచ్చింది. తడి చేతులు ఆమె చీర చెంగుకే తుడిచేశాను.

ఐదేళ్ళు చదివి, ఎమ్మెస్సీ పట్టా పట్టుకుని ఇంటికొచ్చాను. ఆ తర్వాత రెండేళ్ళు ఆ పట్టాను ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకుని విరుదునగర్ తిరిగాను. నూనె మిల్లు ఆఫీసు, ప్రైవేటు బడి, మిరపకాయల మండీ, సెల్‌ఫోన్ల షోరూము. అందరూ మర్యాదగానే మాట్లాడారు, కబురు చేస్తామన్నారు. ఒక్కరూ చేయలేదు. తిరిగి వచ్చేసరికి వీధి మొదట్లోనే ఎవరో ఒకరు తమిళంలో పలకరించేవారు, "ఇన్నుం వీట్లదానా?" అని. ఇంకా ఇంట్లోనేనా అని! ఉద్యోగం లేని ఆడపిల్లకు ఊరంతా మేనత్తలే. ఇంట్లో కాకపోతే మీ నెత్తిన కూర్చోనా అనాలని నాలుక దురద పెట్టేది. నవ్వేసి వచ్చేదాన్ని.

ఇంట్లో ఇంకో బాధ. అమ్మ నన్ను పుల్ల తీసి పుల్ల పెట్టనిచ్చేది కాదు. చీపురు పట్టుకుంటే లాక్కునేది. "నువ్వు ఆపీసుకు పొయ్యే పిల్లవి, నీకేమిటికి ఇదంతా?" అనేది. ఏ ఆఫీసు తల్లీ, ఎక్కడుంది? అది ప్రేమేనని నాకు తెలుసు. ఆ ప్రేమతోనే నన్ను రోజంతా గోడకు ఆనుకుని ఖాళీగా కూర్చోబెట్టింది.

మొదట నిద్ర పోయింది. తర్వాత ఆకలి పోయింది. తల దువ్వుకోవడం కూడా కొండ ఎక్కినంత పనయింది. పొద్దున మెలకువ రాకుండా ఉంటే బాగుండునని అనుకుంటూ పడుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అమ్మ పొయ్యి దగ్గర ఉంటే, నాకు తెలియకుండానే చెయ్యి చట్రం మీదికి వెళ్ళింది. నాలుగు పుల్లలు పేర్చానో లేదో, అమ్మ పరుగున వచ్చి నా చేతి మీద ఫెడీమని కొట్టింది.

"బుద్దుండాదా నీకు? ఇందుకేనా నిన్ను సదివించింది?"

"ఏం చెయ్యమంటావు మరి? గోడలు చూసి చూసి పిచ్చెక్కిపోతాంది. నాకు బతకాలని లేదమ్మా!" అని అరిచాను.

అమ్మ అక్కడే కూలబడింది. పొయ్యి మీద పప్పు మాడిపోయి వాసనొచ్చినా ఇద్దరం లేవలేదు.

మర్నాడు నన్ను విరుదునగర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. వీధిలో అడిగినవాళ్ళకు ఇంటర్వ్యూ అని చెప్పింది. నమ్మకం కలగాలని నా చేత ఫైలు కూడా పట్టించింది. డాక్టరమ్మ తమిళంలో అన్నీ ఓపిగ్గా అడిగింది. మందులు రాసింది. మానకుండా వేసుకోవాలి, నెలనెలా రావాలి, రోజూ చేతులకు ఏదో ఒక పని ఉండాలి అంది. నీకు చెయ్యడానికి ఏది ఇష్టమని అడిగింది. ఎమ్మెస్సీ చదివినదాన్ని, ఒక్కటి తప్ప ఇంకేదీ తట్టలేదు.

"అగ్గిపుల్లలు పేర్చడం" అన్నాను.

అయితే అదే చెయ్యమంది డాక్టరమ్మ. నేను అమ్మ మొహం వైపు చూడలేకపోయాను.

తిరుగు బస్సు దారిలో సాత్తూరు దాటేదాకా అమ్మ కిటికీలోంచి బయటికే చూసింది. ఇంటికొచ్చాక వీధి తలుపు గడియ పెట్టి, చట్రం తెచ్చి నా ఒళ్ళో పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. నా వేళ్ళు ఏదీ మరిచిపోలేదు. రెండు చట్రాలు నింపి, పుల్లల పక్కనే చాప మీద ఒరిగి నిద్రపోయాను. ఎన్నాళ్ళకో పట్టిన నిద్ర. లేచి చూస్తే అమ్మ నా కాళ్ళ దగ్గర కూర్చుని చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

మందులు, చట్రం, మళ్ళీ ఇంటర్వ్యూలు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. చివరికి విరుదునగర్‌లో ఒక పప్పుల వ్యాపారి ఆఫీసులో కంప్యూటర్ పని దొరికింది. నా చదువుకూ దానికీ ఏ సంబంధమూ లేదు, అయినా ఒప్పుకున్నాను. చేరడానికి ముందురోజు అమ్మ తలస్నానం చేసి, వీధి తలుపు బార్లా తెరిచి, గిన్నెలో పసుపునీళ్ళు కలిపి తెచ్చింది. ఎన్నో నెలల తర్వాత ఆమె మొహంలో వెలుగు చూశాను.

"చేతులు సాపు పాపా. సట్రం దించేస్తాను."

నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

"వద్దమ్మా. ఉండనీ. ఆదివారాలు పేర్చుకుంటా."

అమ్మ గిన్నె కింద పెట్టింది.

"అంటే... నీకింగా నయం కాలేదా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ ఒక్కరోజుకు చెప్పవలసిందేమో.

"లేదమ్మా" అన్నాను.

అమ్మ పసుపునీళ్ళు గడప అవతల పారబోసింది. తలుపు మూయలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, తన బద్దల్లో సగం నా వైపు జరిపింది.