నా బోర్డుకు సరిపోయే ప్రాసెసర్

"కొత్తది కొనుక్కోరాదా?" అనే మాట వింటే నాకు ఈరోజుకీ ఒళ్ళు మండుతుంది. మిక్సీ దగ్గర్నుంచి మోకాలిచిప్ప దాకా అన్నిటికీ అదే సలహా. ఆ మాటతో నాకు మొదటి తగువు వచ్చింది పుత్తూరులో, ఇంట్లో కూర్చుని పెళ్ళిపత్రికలు కంపోజ్ చేసే రోజుల్లో. రెండువేల సంవత్సరం దాటి మూడేళ్ళో నాలుగేళ్ళో అయివుంటుంది. నాకు పని ఇచ్చేది ఊళ్ళోని ఒక ప్రెస్సు. దాని ఓనరును నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవాడు.

కంప్యూటరు నా సొంతం. పెళ్ళికి ముందు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు లోయరు, హయ్యరు పరీక్షలకు నేర్పి కూడబెట్టిన డబ్బుతో కొన్నాను. ఆ ఇన్‌స్టిట్యూట్ మాస్టారు నేను మంచినీళ్ళకు లేచినా గడియారం వైపు చూసేవాడు. అందుకే సొంత కంప్యూటరు ముందు గదిలో పెట్టుకున్న రోజు, పొద్దున పది గంటలకు కావాలనే పనాపి ఒక చెంబుడు నీళ్ళు తాపీగా తాగాను. ఎవరూ గడియారం చూడలేదు. ఆ సుఖం ఎంతటిదో చెప్పినా మా ఆయనకు అర్థం కాలేదు.

నాలుగేళ్ళు అది బాగానే పనిచేసింది. తర్వాత మొరాయించడం మొదలుపెట్టింది. మా వైపు సంబంధాల్లో సగం తమిళనాటివే. పిల్లది నగరి అయితే పిల్లోడిది తిరుత్తణి. పత్రిక ఒకవైపు తెలుగులో, ఇంకోవైపు తమిళంలో ఉండాలి. అది చాలదన్నట్టు వధూవరుల ఫోటో కూడా వేయించడం అప్పుడే మొదలైంది. తెలుగు సాఫ్ట్‌వేరు, తమిళ సాఫ్ట్‌వేరు, మధ్యలో ఫోటో, మూడూ తెరిస్తే నా పాత సెలెరాన్ ప్రాసెసర్ చేతులెత్తేసేది. తెర మీద ఇసుకగడియారం బొమ్మ కదలకుండా నిలబడేది. ఇక చేసేదేముంది, ఆపేసి మళ్ళీ వేసి, మేనమామల పేర్లన్నీ మొదటినుంచి కొట్టేదాన్ని.

ఒకరోజు ప్రూఫు ఆలస్యమైందని ప్రెస్సాయన ఇంటికే వచ్చాడు.

"పాపా, ఈ డబ్బా పనైపోయింది. దీన్ని నాకిచ్చెయ్, పాతసామాన్ల లెక్కన ఏదో ఒకటి చూస్తా. షాపులోకి కొత్తది తెస్తాండా. శ్రావణమాసం ముహూర్తాలొచ్చేలోపల నువ్వొచ్చి ఆడ కూసో. నెలజీతం ఇస్తా."

"ఇంట్లో చేస్తాండా గదన్నా."

"ఇట్లా చేస్తే కుదరదు. రావాలనుకుంటే రా, లేదంటే తిరుపతిలో చేయించుకుంటా."

ఆయన వెళ్ళాక చాలాసేపు కోపంతో కూర్చున్నాను. జీతం తక్కువని కాదు. కంప్యూటరు పోతే దానితోపాటు నా ఇష్టం కూడా పోతుంది. మళ్ళీ ఎవరో పిలిస్తే లేవాలి, కూర్చోమంటే కూర్చోవాలి. నేను ఆ పని ఒకసారి చేశాను, రెండోసారి చెయ్యదలుచుకోలేదు.

కంప్యూటరుతోపాటు వచ్చిన మదర్‌బోర్డు పుస్తకం నా దగ్గరే ఉంది. ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రోజులు చదివాను. మెమరీ అంతకుముందు ఏడాదే పెంచాను, దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. పుస్తకం చివర్లో ఒక పట్టిక ఉంది. ఆ బోర్డు మీద ఏ ప్రాసెసర్లు పనిచేస్తాయో అందులో వరసగా ఇచ్చారు. నాది పైనుంచి రెండోది. అన్నిటికంటే కింద, ఎనిమిదివందల యాభై మెగాహెర్ట్జ్ పెంటియం త్రీ. వేగం నా దానికి దాదాపు రెట్టింపు. అంటే నా కంప్యూటరు ముసలిది కాలేదు, దాని సత్తా సగమే వాడుకుంటున్నాను. ఆ పట్టికంతా కాగితం మీద రాసుకున్నాను.

"షాపోళ్ళకంటే నీకెక్కువ తెలుసునా?" అన్నాడు మా ఆయన.

"కంప్యూటర్ల గురించి వాళ్ళకే ఎక్కువ తెలుసు. నా కంప్యూటరు గురించి నాకే ఎక్కువ తెలుసు" అన్నాను.

మరుసటి రోజు ఆ డబ్బాను పాత నూలుచీరలో మూటగట్టి, ఒళ్ళో పెట్టుకుని తిరుపతి బస్సెక్కాను. విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో మా ఊరికి పేరు, అందుకే పుత్తూరులో బస్సెక్కేవాళ్ళలో చేతికో కాలికో కట్టు లేనివాళ్ళు తక్కువ. నా పక్కన చెయ్యి విరిగిన ఒక అవ్వ కూర్చుంది. మూట వైపు చూసి చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏందిమ్మే అది, టీవీనా?"

"కంప్యూటరు అవ్వా. నిదానమైపోయిందని బాగుచేయించను తీసకపోతాండా."

"నిదానమైపోతే పారేస్తారా ఏంది? మంచి పని చేస్తాండావు పో" అంది. ఆ రోజు మొత్తం మీద నా పక్షాన మాట్లాడింది ఆ అవ్వ ఒక్కతే.

తిరుపతిలో బస్టాండు దగ్గర సందులో, మేడమీద ఒక కంప్యూటర్ల షాపు. షాపాయన నా వెనక మెట్ల వైపు చూశాడు.

"సారు రాలేదా?"

"ఏ సారు?" అన్నాను.

ఆయన డబ్బా పక్క రేకు విప్పాడు. లోపలికి చూసి పగలబడి నవ్వాడు. షాపులో ఉన్న ముగ్గురు నలుగురు కూడా వచ్చి తొంగిచూశారు.

ప్రాసెసర్ మీది ఫ్యాను చుట్టూ ఎండిన గంధం. దాని మీద కుంకుమ బొట్లు. ఫ్యాను రెక్కల సందుల్లో చామంతి రేకులు. అడుగున అక్షింతలు. ఇదంతా నా పనే. ఏటా ఆయుధపూజకు అందరూ డబ్బాకు పైన బొట్టు పెడతారు. పనిచేసేది లోపలున్నది కదా, పైరేకుకు పూజ చేస్తే ఏం పుణ్యమని నేను రేకు విప్పి మరీ పెట్టేదాన్ని. నాలుగేళ్ళ పూజ, నాలుగేళ్ళ సాంబ్రాణి పొగ అందులో పేరుకుపోయాయి.

"దీనికి గాలాడకుండా పూజ చేసినారు గదమ్మా! మీ ఇంటికి కొత్తదిచ్చినా దానికీ ఇదే గతి" అన్నాడు షాపాయన.

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. మూట కట్టుకుని వెళ్ళిపోదామా అనిపించింది. వెళ్ళిపోతే ఎక్కడికి? ప్రెస్సులో కుర్చీకే.

"తప్పు నాదే. బ్రష్షు ఇట్లా ఇయ్యండి" అన్నాను.

నేనే శుభ్రం చేశాను. అక్షింతలు ఒక్కొక్కటీ ఏరాను. నవ్వేవాళ్ళు కాసేపు నవ్వి విసుగుపుట్టి పోయారు. తర్వాత షాపులోని మానిటరుకు తగిలించి వేస్తే కంప్యూటరు చక్కగా తెరుచుకుంది.

"అయిపాయ, ఇంక ఇంటికి పొండి" అన్నాడు ఆయన.

నేను పోలేదు. ఆయన ముందే తెలుగుదీ తమిళందీ తెరిచి, ఫోటో కూడా తెరిచాను. మొరాయించలేదు కానీ ఒక్కో అక్షరం పడేసరికి ఆయనే ఆవలించాడు.

"ఆగిపోయింది నా పూజతో. నిదానం మాత్రం ప్రాసెసర్‌ది. అది మార్చండి" అన్నాను.

ఆయన అద్దాల బీరువాలోంచి కొత్తది ఒకటి తీశాడు. పన్నెండువందల మెగాహెర్ట్జ్‌ది. "మార్చేటప్పుడు మంచిదే ఏసుకోండి. బోర్డు కన్నాలకు దీని కాళ్ళన్నీ సరిపోతాయి" అన్నాడు.

నేను నా కాగితం తీశాను. "దీంట్లో ఇది లేదు."

"ఆ పుస్తకం అచ్చేసినప్పుడు ఇది పుట్టనే లేదమ్మా."

అది నిజమే. అయినా ఆ బోర్డు పుస్తకాన్ని నాలుగు రోజులు చదివింది నేను, ఆయన కాదు.

"ఏసి చూపించండి. తెర వెలిగితే ఇదే తీసుకుంటా" అన్నాను.

వేశాడు. తెర నల్లగా ఉండిపోయింది. తీసి మళ్ళీ వేశాడు. ఫ్యాను తిరుగుతోంది కానీ తెర మీద ఒక్క అక్షరం లేదు. కాళ్ళు సరిపోయినంత మాత్రాన బోర్డు దాన్ని గుర్తుపట్టాలని లేదు.

"సూసినారా, బోర్డే పాతది. అది కూడా మార్చాల. బోర్డు మారిస్తే మెమరీ గూడా మార్చాల. అంతకంటే కొత్తదే..."

"ఆ మాట అనొద్దు" అన్నాను, కొంచెం గట్టిగానే. "ఎనిమిదివందల యాభైది ఉండాదా, లేదా?"

ఎవరో మార్పిడికి ఇచ్చిపోయిన కంప్యూటరులోంచి తీసింది ఒకటి సొరుగులో ఉంది. "వాడేసింది. దీనికి గ్యారంటీ ఇయ్యను" అన్నాడు.

"నేనడగలేదు గదా."

అది వేసి స్విచ్ నొక్కాడు. తెర వెలిగి, పైవరసలో ఎనిమిదివందల యాభై అనే అంకె కనబడింది. తెలుగు తెరిచాను, తమిళం తెరిచాను, ఫోటో తెరిచాను. కొట్టిన అక్షరం కొట్టినట్టే పడింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూట కట్టే నెపంతో తల వంచుకుని చీర కొంగుతో తుడుచుకున్నాను.

మూడు రోజుల తర్వాత ప్రెస్సాయన వచ్చాడు, చేతిలో శ్రావణమాసం పత్రికల కాగితాలు కట్టగా పట్టుకుని.

"నీకు టేబులు గూడా ఏయించినా పాపా. రేపు పొద్దున్నే వచ్చెయ్."

నేను తెర ఆయన వైపు తిప్పి, పాత పత్రిక ఒకటి తెరిచి, తమిళం వైపు నాలుగు మార్పులు చేసి, ఫోటో పెద్దది చేసి చూపించాను. గుక్క తిప్పుకునేలోపు అయిపోయింది. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"అయినా నా కళ్ళ ముందర ఉంటే బాగుంటాది గదా" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఆయనకు కావలసింది వేగం కాదు. నేను ఎప్పుడు లేస్తున్నానో, ఎప్పుడు కూర్చుంటున్నానో చూడటం. ఇన్ని రోజులూ నా కంప్యూటరును తిట్టి నన్ను ఒప్పించాలని చూశాడు. భయం కూడా వేసింది. ఆయన ఆ కట్ట పట్టుకుని తిరుపతి పోతే నా శ్రావణమాసం పోతుంది, తర్వాత మాఘమూ పోతుంది.

"నేను రానన్నా. పనుంటే ఈడికే తీసకరాండి" అన్నాను.

ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఒక చెప్పు వేసుకున్నాడు. రెండో చెప్పు వెతుక్కుంటూ చేతిలోని కట్ట వైపు చూశాడు. నేను పిలవలేదు. ఆయన వేసుకున్న చెప్పు విడిచి, లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

మొదటి కాగితం చేతికిచ్చాడు. పిల్ల చిన్నాన్న రాసిన రాత, కోడి కెలికినట్టుంది.

"ఇది నాకర్థం కాలేదు. మీరే సదవండి, నేను కొడతా" అన్నాను.

కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అయింది. ముహూర్తం అయింది. బంధువుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన తొందర తొందరగా చదివేస్తున్నాడు.

"ఆగండన్నా" అన్నాను.

ఆగాడు.