అటు తిప్పిన బొమ్మ

ఆ పరిశోధనశాలలో ఆమెను అందరూ బొమ్మలక్క అనేవారు. చదివింది బొమ్మలు గీసే చదువే. పదహారేళ్ల కిందట గోడపటాలు గీయడానికి చేరి, కంప్యూటర్లు వచ్చాక ప్రోటీన్ల బొమ్మలు తయారుచేసే పనిలో కుదురుకుంది. తనకు శాస్త్రం రాదని ఆమే ముందుగా చెప్పేసేది. కానీ మెలికలు తిరిగిన ఆ ప్రోటీన్ గొలుసులను చూసీ చూసీ, ఏ వంపు ఎటు పోతుందో ఆమె కళ్లకు పట్టుబడిపోయింది.

ఒకరోజు పరిశోధనశాల నడిపే పెద్దసారు రెండు ప్రోటీన్లు పంపారు. ఒకటి పాతది. దాని మధ్యలో ఉన్న గుంటలో ఒక మందు చక్కగా ఇముడుతుందని అందరికీ తెలుసు. రెండోది జబ్బు తెచ్చే ఒక క్రిమిది. రెండూ ఒకే తీరుగా ఉంటే ఆ మందే దీనికీ పనికొస్తుందని ఆయన ఆశ. బొమ్మలక్క పాతదానికి నీలం, కొత్తదానికి నారింజ రంగు వేసి ఒకదాని మీద ఒకటి పేర్చింది. కవలపిల్లల్లా కలిసిపోయాయి. తెర మీద రెండింటి మధ్య సగటు తేడా కూడా చాలా చిన్న అంకే వచ్చింది.

బొమ్మను మెల్లగా తిప్పుతుంటే వెనకవైపు ఒకచోట ఆమె చెయ్యి ఆగింది. నీలం గొలుసు పక్కకు ఒరిగి గుంటకు దారి ఇస్తోంది. నారింజది లోపలికి వంగి ఆ దారికి అడ్డం పడింది.

"సార్, ఇక్కడ కలవట్లేదండీ," అంది, ఆయన వచ్చినప్పుడు.

పెద్దసారు వంగి చూశారు. "గొలుసులోని మూడొందల ముక్కల్లో ఓ పది అటూ ఇటూ అయితే అదీ ఓ లెక్కేనా అమ్మా? ఆ వంపు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. మందు వస్తే అదే తప్పుకుంటుంది. ఇటునుంచి బాలేదుగానీ, అటు తిప్పు."

తిప్పింది. ఆ బొమ్మే సారు వ్యాసం వేసిన శాస్త్ర పత్రికకు ముఖచిత్రం అయింది.

ఇంటికొచ్చి భర్తతో చెప్పుకుంటే, బస్సు నడిపి అలిసిపోయిన ఆయన, "అంత చదువుకున్నోళ్లకి తెలీదా? నీకెందుకే ఆ గొడవ!" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ ముఖచిత్రం చూసి ముచ్చటపడి ఒక పిల్ల పరిశోధనకు చేరింది. గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేది, అందుకే బక్కపిల్ల అన్నారు. మొదటిరోజే బొమ్మలక్క గదికి వచ్చింది. "ఎంత బాగా కలిశాయక్కా!"

"ఒకసారి వెనక్కి కూడా తిప్పి చూడమ్మా."

"సారు చూశారుగా అక్కా," అని నవ్వేసింది.

తర్వాత మూడేళ్లు బక్కపిల్ల ఆ మందును రకరకాలుగా మార్చి మార్చి కిందామీదా పడింది. ఆ క్రిమి ప్రోటీన్‌కు ఒక్కటీ అతకలేదు. తప్పు తన చేతిలోనే ఉందనుకుని, చేసిందే మళ్లీ చేసేది. బొమ్మలక్క రెండుసార్లు ఆమె గది దాకా వెళ్లింది. చెబుదామని నోరు తెరిచి, "టీ తాగావా?" అని అడిగి వెనక్కి వచ్చింది.

చివరికి ఒక మధ్యాహ్నం బక్కపిల్లే కంప్యూటర్ పట్టుకుని వచ్చింది. తెర మీద అదే బొమ్మ, వెనకవైపు నుంచి.

"ఇది నీకు అప్పుడే కనపడిందా అక్కా?"

"కనపడిందమ్మా."

"మరి గట్టిగా చెప్పొచ్చుగా?"

చెప్పానని బొమ్మలక్క అనలేదు, ఆ చెప్పడం ఎంత చెప్పడమో తనకే తెలుసు.

పెద్దసారు కోప్పడలేదు. "పరిశోధన అంటేనే అంత, ఇంకోటి మొదలుపెట్టు," అన్నారట. మొదలుపెట్టడానికి ఆ పిల్లకు పరిశోధనకిచ్చిన గడువు మిగల్లేదు. ఏదో బడిలో పాఠాలు చెప్పే పని చూసుకుంది. వెళ్లేరోజు పుస్తకాల పెట్టె గేటు దాకా మోసింది బొమ్మలక్కే.

"వస్తానక్కా," అంది ఆ పిల్ల మామూలుగానే. తిట్టినా బాగుండుననిపించింది బొమ్మలక్కకు.

అప్పటినుంచీ ఆమె ప్రతిదానికీ నాలుగువైపులా బొమ్మలు తీసి పంపేది. పెద్దసారు వాటిలో అందమైనది ఒకటి ఏరుకునేవారు.