తలుపు తట్టిన చోట ఆగిన నవల

నా చిన్నప్పుడు, గిలకలదిండిలో, మా నాన్న నన్ను ఏడో తరగతితో బడి మాన్పించాడు. కర్ర పట్టుకుని, ఎండబెట్టిన చేపల మీదికి వచ్చే కాకుల్ని తోలడం నా పని. ఏడ్చాను, అలిగాను, అన్నం మానేశాను. మా నాయనమ్మ మాత్రం ఆడపిల్లకి ఈ మాత్రం చాల్లెమ్మని తేల్చేసింది. ఆవిడ మాట నాన్నకు వేదవాక్కు.

పక్కింటి అక్క బందరులో కాలేజీకి వెళ్ళేది. ఒక మధ్యాహ్నం లావుపాటి నవల తెచ్చి, మా చూరు నీడలో కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టింది. ఏదో దేశంలో అంతర్యుద్ధం. ఒకే వీధివాళ్ళు రెండు పక్షాలై కాల్చుకుంటుంటే ఇళ్ళల్లో మిగిలిన ఆడవాళ్ళ కథ.

"మగాళ్ళ కొట్లాటలు మనకెందుకే?" అంది నాయనమ్మ.

"కొట్లాట తక్కువే మామ్మా. బిందెడు నీళ్ళ కోసం వీళ్ళు పడే పాట్లే ఎక్కువ" అంది అక్క.

నీళ్ళనగానే నాయనమ్మ దగ్గరికి జరిగింది. ఉప్పెనప్పుడు చుట్టూ నీళ్ళే ఉన్నా గుక్కెడు మంచినీళ్ళు దొరకని బాధ ఆవిడ పడింది. ఆ తర్వాత రోజూ అక్క కోసం ఎదురుచూసేది. "అయ్యో తల్లీ" అని కళ్ళొత్తుకుంటూ వినేది. మేం కథలో ఉంటే కాకులు చేపల్లో ఉండేవి.

ఒకరోజు కథలో, అవతలి పక్షం ఆడమనిషి పసిబిడ్డనెత్తుకొచ్చి ఒక తలుపు తట్టింది. లోపలున్నామె కొడుకుని చంపింది ఆ పక్షంవాళ్ళే. సరిగ్గా అక్కడ అక్క ఆపేసింది. కళ్ళు మండుతున్నాయని, ఇక మీ మనవరాలు చదువుతుందని చెప్పి, పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

నవల రాసినావిడ గడుసుది. తలుపు తట్టించి, ఆ ఇద్దరి చిన్ననాటి కథ ఎత్తుకుంది. నేను కూడబలుక్కుంటూ, పెద్ద మాటలు మింగేస్తూ చదివాను. నాయనమ్మకు ఒళ్ళు మండింది.

"ఆ తలుపు తీసిందా లేదా, సరిగ్గా చదివి చావవే!"

"బడి మాన్పిస్తే ఎలా వస్తుంది?" అని నేనూ ఏడుస్తూ అరిచాను.

నాయనమ్మ లేచింది. నా పక్కనున్న కర్ర లాక్కుంది. నాన్న రాగానే, "రేపట్నుంచి కాకుల్ని నేను తోలతాను. దాన్ని బడికి పంపరా. ఆ తలుపు సంగతి తేలేదాకా నాకు నిద్ర పట్టదు" అంది.

అక్క కళ్ళమంట తగ్గనే లేదు. బడి నుంచి రాగానే నేనే చదివేదాన్ని. చివరికి ఆమె తలుపు తీసింది. బిడ్డకి నీళ్ళు పట్టింది. "తీస్తుందని నాకు తెలుసే" అంటూ నాయనమ్మ నన్ను పట్టుకుని ఏడ్చేసింది. మర్నాడు ఇంకో నవల తెమ్మంది. అలా నా బడి నిలబడింది. ఆ బడిలోనే పంతులమ్మనయ్యాను.

అక్క కళ్ళకు ఏ జబ్బూ లేదని చాలా ఏళ్ళకు తెలిసింది. నా కళ్ళూ ఇప్పటికీ బాగానే ఉన్నాయి. అయినా వీధిలో పిల్లలు కథ చదవమని వస్తే, మంచి పట్టు మీదున్నప్పుడు ఆపేసి, "కళ్ళు మండుతున్నాయమ్మా, మిగతాది నువ్వు చదువు" అంటాను.