రోగి పక్కన కూకునే మనిషి పోయింది

నిన్న పొద్దున్న ఫోనొచ్చింది. సుక్రప్ప పోయిందన్నారు.

చెప్పినోడిని తిట్టీసాను. మొన్న ఆదివారం చర్చిలో కనబడిన మనిషి ఎలా పోద్దిరా అని.

నిజమే. సాయంత్రం మట్టి చేసాం.

సొంత అక్క కాదు. నాకన్నా పెద్దది, అందుకే అప్ప.

డెబ్బైల్లో మాది గడ్డి కప్పిన చర్చి. పాస్టర్ గారు నెలకోసారి ట్రైన్లో టైడా వచ్చి, అక్కణ్ణుంచి నడిసి కొండెక్కీవోరు. ఓసారి మీటింగ్ పెట్టి, నేను లేనప్పుడు సంఘాన్ని చూడ్డానికి ఒక లీడర్ పేరు చెప్పండి అన్నారు.

మా ఊళ్ళో తగువుకి నాయుడు, మంచిరోజు చూడ్డానికి దిసారి, కబురుకి బారిక. ఎవుడి పని ఆడిదే.

లేచి అడిగాను. "ఒక్కడెలా సరిపోతాడు అయ్యగారూ? నలుగురిని పెట్టండి."

"మరి నువ్వేం చేస్తావు?" అన్నారాయన.

నేను నోరు తెరిసీలోపు సుక్రప్ప అందుకుంది. "ఈడు తగువులు తీరుత్తాడండి. ఈడు అరిస్తే ఏటికోసం కొట్టుకుంటన్నారో ఆళ్ళే మర్సిపోతారు."

చర్చంతా నవ్వు. నాకు మండింది. కానీ అబద్దం కాదు.

తన గురించి ఆవిడ ఏటీ చెప్పలేదు. జనం చెప్పారు. ఎవులూ గడప తొక్కని జొరం ఇంటికెల్లి, రోగి పక్కన కూకుని ప్రార్థన చేసీది. కన్ను మూతబడీదాకా లేసీది కాదు.

అయ్యగారు నలుగురి తలల మీదా చెయ్యేసి ప్రార్థన చేసి, పనులు అప్పజెప్పారు. పాటకి ఒకడు, కబురుకి ఒకడు, తగువుకి నేను, రోగులకి సుక్రప్ప.

ఆడమనిషి తల మీద చెయ్యేటని కొందరు గునిసారు. ఆళ్ళిళ్ళకీ జొరాలొచ్చాయి. ఆవిడే ఎల్లింది.

మా ఇంటిది పోయినప్పుడు అందరూ నాకు వాక్యం చెప్పారు.
సుక్రప్ప పొయ్యి అంటించి గంజి కాసింది.
నేను తాగీదాకా ఎదురుగా కూకుంది. అప్పుడు ప్రార్థన చేసింది.

మిగతా ఇద్దరూ ఎప్పుడో పోయారు. ఆ నలుగురిలో ఇక నేనే.

రేపు నేను మంచం పడితే నా పక్కన ఎవులు కూకుంటారో తెల్దు.

ఇప్పుడు మా చర్చిలో పాట, వాక్యం, అనౌన్స్‌మెంట్, అన్నీ పాస్టర్ బాబే. మంచోడు. నిన్న మట్టి చేసాక, సుక్రప్ప పని ఎవులు చేస్తారని అడిగాను. "నేను చూసుకుంటాను తాతా" అన్నాడు.

నీ ఒక్కడి వల్ల కాదు బాబూ. మొకమ్మీదే చెప్పాను, ఇక్కడా చెప్తన్నాను.

సంఘంలో ఎతకండి. ఎవులో ఒక ఆడగుంట ఈపాటికే ఏదో ఇంట్లో ఒక రోగి పక్కన కూకుని ఉంటాది. దాన్ని బేగి ముందుకి పిలవండి. నేనుండగానే.

సుక్రప్పా, ఎల్లిరా.
అక్కడ జొరాలుండవంట. ప్రభువు కాడ ఇకనైనా కాళ్ళు చాపుకుని రెస్ట్ తీసుకో.