ఎండబెట్టిన మడమట్టి

మా కాలేజీ వృక్షశాస్త్రం మేడమ్ పోయారని సోమవారం పొద్దున, నేను పాఠాలు చెప్పే స్కూలుకి బయల్దేరుతుంటే ఫోనొచ్చింది. నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు చేసింది. ఇద్దరం రామచంద్రపురంలో బస్సెక్కి కాకినాడ వెళ్ళాం. ఇంటి ముందు షామియానా కింద ఎవరో పెద్దాయన అంటున్నాడు: "పాపం, పెళ్ళీ పెటాకులూ లేకుండా జీవితమంతా ఆ బురదలోనే పోయిందండి."

ఆ పాపం అన్న మాట నాకు నచ్చలేదు. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళెవరూ అనరు. అందుకే ఇది రాస్తున్నాను.

తొంభైల్లో తీరం దగ్గర మా ఊళ్ళో వరి చేలు రొయ్యల చెరువులయ్యాయి. పక్కన మిగిలిన చేలల్లోకి ఉప్పు ఊరింది. మా నాన్న చేనూ అందులో ఒకటి. వేసిన సూపర్ ఫాస్ఫేటు ఎరువు మట్టిలోనే బిగుసుకుపోయేది, పైరుకి అందేది కాదు. మేడమ్ ఆలోచన సూటిగా ఉండేది. ఉప్పు బురదలో మడచెట్లు పచ్చగా బతుకుతున్నాయంటే, వాటి వేళ్ళ దగ్గర ఆ ఎరువు సారాన్ని కరిగించిపెట్టే బాక్టీరియా ఏదో ఉండాలి. దాన్ని పట్టుకుంటే మా చేలకి పనికొస్తుంది.

కోరంగి వైపు మడ అడవిలోకి మమ్మల్ని పడవలో తీసుకెళ్ళారు. ఆటుకి నీళ్ళు తీసిన వేళ చీర ఎగదోపుకుని, మోకాలి లోతు బురదలోకి ముందు ఆవిడే దిగారు. "చెప్పులు పోతే పోయాయి, మట్టి మాత్రం పడెయ్యకండి" అన్నారు.

ఆ మట్టిని మాకప్పగించి పరీక్షల డ్యూటీకి వేరే ఊరు వెళ్ళారు. మేమంతా రైతుల పిల్లలం. భూసార పరీక్షకి మట్టి ఎలా పంపాలో ఇంట్లో చూసినవాళ్ళం. నీడలో ఆరబెట్టి, గడ్డలు చిదిపి, జల్లెడ పట్టి, శుభ్రంగా పొట్లాలు కట్టాం. మెచ్చుకుంటారనుకున్నాం.

తిరిగొచ్చాక ఆవిడ ఒక పొట్లం విప్పి, ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూశారు.

"ఏవర్రా, బతికున్నవాటిని వెతకమంటే మీరు ఊరు ఊరంతా ఎండబెట్టేశారా?"

"పారేసి మళ్ళీ తెద్దామండీ" అన్నాను.

"పారెయ్యడం దేనికి? పోయినవి పోగా మిగిలిన మొండిఘటాలెవరో చూద్దాం."

బాక్టీరియాని పెంచడానికి గాజు పళ్ళేల్లో పోసిన, పాలలా తెల్లగా ఉండే అగరు మేత మీద ఆ పొడి కలిపిన నీళ్ళు పరిచారు. ఆ తెలుపు కరగని ఫాస్ఫేటుది. దాన్ని కరిగించే బాక్టీరియా పెరిగితే చుట్టూ తెలుపు పోయి తేటపడుతుంది. చాలా పళ్ళేల్లో అలాంటిదేమీ లేదు. ఒకదాంట్లో ఒకే ఒక్క చుక్క చుట్టూ తేటగా వలయం కట్టింది. మేడమ్ దాన్ని కిటికీ వెలుగుకి పట్టి, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారమ్మా?" అన్నారు, చుట్టాన్ని పలకరించినట్టు.

ఆ ఏడాదే ప్రిన్సిపాల్ గారు మా ల్యాబు గది కంప్యూటర్లకి కావాలన్నారు.

"పిల్లలు అటే చేరుతున్నారు మేడమ్. మీరు కాస్త సర్దుకోవాలి."

"నేను సర్దుకుంటానండి. ఇవి సర్దుకోవు. వీటిని ఎప్పటికప్పుడు కొత్త మేతకి మార్చకపోతే పోతాయి."

"బాక్టీరియానే కదండీ, ఎక్కడైనా దొరుకుతాయి."

"ప్రిన్సిపాళ్ళూ దొరుకుతారండి."

ఆయన నవ్వారు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆవిడా తీసుకోలేదు. కంప్యూటర్ల పెట్టెలు వరండాలో కాచుకుని ఉంటే, లోపల మేం ఆ వలయం కట్టిన బాక్టీరియా ఏ చక్కెర తింటుందో, ఎంత ఉప్పు ఓర్చుకుంటుందో పరీక్షిస్తూ ఉండేవాళ్ళం. "ఇంటిపేరు బాసిల్లస్. సొంత పేరే ఇంకా చెప్పట్లేదు" అనేవారు మేడమ్. అది చివరిదాకా చెప్పలేదు.

మా చేను మట్టి కుండీల్లో పోసి, ఆ బాక్టీరియాని కలిపి వరి నాటితే పైరు తేరుకుంది. చేలో అంతగా తేరుకోలేదు. పని చెయ్యలేదండీ అన్నాను.

"ఎక్కడ చేస్తుందో, ఎక్కడ చెయ్యదో తెలిసింది కదా. అదీ తెలీకుండానే ఎరువు చల్లారు ఇన్నేళ్ళూ."

ఆవిడ రిటైరయ్యాక గది కంప్యూటర్లకే వెళ్ళింది. ఆ బాక్టీరియా పెరిగే గాజు గొట్టాలు మాత్రం ఆవిడతో పాటు ఆటో ఎక్కి ఇంటికెళ్ళి, ఫ్రిజ్జులో పెరుగు గిన్నె పక్కన చేరాయి.

ఆ సోమవారం మేం సమాధుల తోట నుంచి తిరిగొచ్చేసరికి, ఆవిడ వదినగారు ఆ ఫ్రిజ్జు ఖాళీ చేస్తున్నారు. "ఇవేంటమ్మా, బూజు పట్టినట్టున్నాయి. పారేస్తాను."

"మాకివ్వండి" అన్నాను.

"వీటితో ఏం చేస్తారు? ఆవిడే లేదుగా."

"ఇవున్నాయండీ."

స్నేహితురాలు వాళ్ళ కాలేజీలో మేత కాచి తెచ్చింది. మా స్కూలు ల్యాబులో స్పిరిటు దీపం దగ్గర తీగ కాల్చి, ఒక్కొక్క పాత గొట్టంలోంచి తీసి కొత్త గొట్టాల్లోని మేత మీద గీత గీశాం. కొన్ని రాలేదు. గురువారం పొద్దున చూస్తే, ఒక గొట్టంలో గీసిన గీత పొడవునా బాక్టీరియా తెల్లగా, కాస్త ముడతలుపడి లేచింది. ఎనిమిదో తరగతికి గంట కొట్టారు. గొట్టం చేత్తో పట్టుకునే క్లాసుకెళ్ళాను.